కథ, అనుభూతి, ఆలోచన: అనంతపురం నేల మీద ఒక పరిశీలన

తెలుగు శాఖల్లో కథాసాహిత్యం మీద వచ్చే సిద్ధాంత వ్యాసాలకు ఒక స్థిరమైన నిర్మాణం ఏర్పడింది. ఇతివృత్తానికి ఒక అధ్యాయం, పాత్రచిత్రణకు ఒకటి, శిల్పానికి ఒకటి, చివర సామాజిక దృక్పథానికి మరొకటి. బోధనకు, పరీక్షకు ఈ విభజన అనువుగా ఉంటుంది. అయితే రచనలో ఈ మూడూ విడివిడి అరల్లో ఉండవు. కథ నడిచే తీరులోనే అనుభూతి పుడుతుంది. ఆ అనుభూతి పాఠకుణ్ణి వదలకపోవడంలోనే ఆలోచన మొదలవుతుంది. రాయలసీమ రచనల విషయంలో ఈ విభజన మరో చిక్కును తెచ్చిపెట్టింది. కరువు అనే వస్తువు ముందే నిర్ణయమై ఉన్నందువల్ల, రచనలో ఆలోచన ఎక్కడుందో వెతకవలసిన అవసరం లేదన్న భావం విమర్శలో స్థిరపడింది. కరువు ఉంది కనుక ఆలోచన ఉంది, కన్నీరు ఉంది కనుక అనుభూతి ఉంది అని లెక్క తేల్చేశారు. సీమ సాహిత్యానికి వస్తువు బలమైనదనీ శిల్పం బలహీనమనీ పదేపదే వినవచ్చే తీర్పు కూడా ఈ లెక్క నుంచే వచ్చింది. మెచ్చుకున్నవారూ తప్పుపట్టినవారూ వాడిన కొలత ఒక్కటే.

ఈ కొలతను మార్చి చూడడానికి అలంకారశాస్త్రంలోనే ఒక ఆధారం ఉంది. రసం ఎన్నడూ వాచ్యం కాదని, అది వ్యంగ్యంగానే అందుతుందని ఆనందవర్ధనుడు ప్రతిపాదించాడు. శృంగారం, శోకం వంటి మాటలను వాడినంత మాత్రాన ఆయా అనుభూతులు కలగవు. విభావానుభావాల కూర్పు లేకుండా రసాన్ని దాని పేరుతోనే పిలవడం దోషం. మమ్మటుడు రసదోషాల్లో దీన్ని స్వశబ్దవాచ్యత అన్నాడు. అనుభూతికి సంబంధించిన ఈ నియమాన్ని ఆలోచనకు కూడా వర్తింపజేయవచ్చునా అన్నదే ఇక్కడి ప్రశ్న. కథ అంటూ ఒకటి నడుస్తున్నప్పుడు, అందులోని ఆలోచనను ఒక పాత్ర తన నోటితో తీర్పుగా చెప్పేస్తే, ఆ ఆలోచనకూ స్వశబ్దవాచ్యతా దోషం పడుతుందా?

అన్ని రచనలకూ ఇది వర్తించదని ముందే చెప్పుకోవాలి. కదిరి సమీపంలోని కటారుపల్లెలో సమాధి ఉందని జనం నమ్మే వేమన, ఆలోచనను సూటిగా, ఒక్కోసారి మొరటుగానే చెప్పాడు. వేమన పద్యంలో కథ లేదు. అక్కడ ఆలోచన తన కాళ్ల మీద తానే నిలబడుతుంది. చిక్కంతా కథ వచ్చి చేరినప్పుడే. ఒక మనిషికి ఏదో జరుగుతున్నప్పుడు, ఆ జరిగేదాని అర్థాన్ని ఎవరు, ఏ క్షణంలో, ఎవరితో పలికించారన్నది నిర్ణాయకమవుతుంది.

కట్ట మీద కోడలు

అనంతపురానికీ బుక్కరాయసముద్రానికీ మధ్య ఉన్న చెరువు విజయనగర తొలి పాలకుల కాలం నాటిది. పండమేరు నీటికి అడ్డంగా కట్టిన ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. చెరువు తెగబోతున్నప్పుడు ఊరిని కాపాడడానికి ఆత్మార్పణ చేసుకున్న బసిరెడ్డి ఇంటి కోడలి పేరు అది. సి.పి. బ్రౌన్ 1853లో వెలువరించిన అనంతపురం చరిత్రలోని ఈ ఉదంతాన్ని తీసుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. పోటీలో బహుమతి పొందిన ఆ చిన్న కావ్యం ఆధునిక కవిత్వానికి తొలి మెట్టుగా సాహిత్య చరిత్రల్లో చోటు సంపాదించుకుంది. రాజులు లేరు, స్వయంవరం లేదు. కాపు ఇంటి కోడలు నాయిక, కథ విషాదాంతం. వస్తువు ఎంపికలోనే ఒక ఆలోచన ఉంది.

వర్షాభావానికి పేరుపడ్డ జిల్లాలో తొలి ఆధునిక కావ్యం వరద గురించి కావడం వింతగా తోచవచ్చు. మెట్టసీమలో నీటి స్వభావం తెలిసినవారికి అది వింత కాదు. ఏడాదంతా రాని వాన రెండు రోజుల్లో కురిస్తే చెరువుకు గండి పడుతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని కాలనీలు నీట మునిగాయి. కరువూ వరదా ఈ నేల మీద ఒకే అనిశ్చితికి రెండు ముఖాలు.

కావ్యంలో దైవవాక్కు ముసలమ్మ పేరు ఎత్తుతుంది. ఆమెను బలి ఇస్తే చెరువు నిలుస్తుంది. ఇక్కడి నుంచి కవి దృష్టి వీడ్కోలు ఘట్టం మీద కేంద్రీకృతమవుతుంది. ఇంటివారు, భర్త, బిడ్డ: ఒక్కొక్కరి నుంచి ఆమె విడివడే తీరులో కరుణం క్రమంగా పెరుగుతుంది. ఈ ఘట్టం కవి ప్రతిభకు గీటురాయి. సందేహం లేదు. అయితే ఈ ఘట్టంలోనే ముసలమ్మ తన నిర్ణయాన్ని తానే సమర్థించుకుంటుంది. అనేకుల కోసం ఒక్కరు పోవడం తగినదేనన్న భావం ఆమె నోట స్థిరపడుతుంది. పాఠకుడు కంటతడి పెట్టుకొనే వేళకు అడగవలసిన ప్రశ్నకు జవాబు వచ్చేసి ఉంటుంది. ఊరందరి చెరువుకు ఒక్క కోడలే ఎందుకు మూల్యం కావాలి? కట్ట బలహీనపడితే అది దేవత కోపమా, మరమ్మతు చేయని మనుషుల తప్పా? ఈ ప్రశ్నలు కథలో బీజరూపంలో ఉన్నాయి. మొలకెత్తే లోపే ఉదాత్తత వాటి మీద తెర దించింది.

ఈ సంగతి స్పష్టం కావాలంటే సరిహద్దుకు అవతల ఉన్న కన్నడ జానపద గేయం ‘కెరెగె హార’ను పక్కన పెట్టి చూడాలి. అనంతపురం జిల్లా పశ్చిమ అంచున రెండు భాషలూ కలిసే బతుకుతాయి కాబట్టి ఈ పోలిక దూరం నుంచి తెచ్చింది కాదు. కల్లనకేరి మల్లనగౌడ చెరువు తవ్విస్తాడు. నీరు పడదు. కోడలిని బలి ఇవ్వాలని శాస్త్రం తేలుతుంది. పెద్ద కోడలిని ఇస్తే ఇంటి పెద్దరికం ఎవరు చూస్తారని చిన్న కోడలు భాగీరథిని ఎంచుకుంటారు. సంగతి తెలిసిన భాగీరథి పుట్టింటికి వెళుతుంది. కన్నీళ్లకు కారణం అడిగిన తండ్రికి నిజం చెప్పదు. అత్తమామలు వేరు పెడతారట అంటుంది. పొలం ఇస్తానని తండ్రి ఓదారుస్తాడు. నిజం స్నేహితురాలితో మాత్రమే చెప్పుకుంటుంది. తిరిగివచ్చి ఇంటి పనుల్లో పడుతుంది. అందరూ కలిసి చెరువులో గంగపూజ చేస్తారు. వెనుదిరిగాక బంగారు గిన్నె మరిచివచ్చామంటారు. దాన్ని తేవడానికి పెద్ద కోడళ్లెవరూ వెళ్లరు. భాగీరథి వెళుతుంది. ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే నీరు పాదం నుంచి పైపైకి వస్తుంది. దండులో ఉన్న భర్త పీడకలలు కని ఇంటికి వస్తాడు. భార్య ఎక్కడని అడిగితే ఇంట్లో ఎవరూ నిజం చెప్పరు. తెలుసుకున్నాక అతడూ ఆ చెరువులోనే దూకుతాడు.

ఈ గేయంలో బలి న్యాయమా అన్యాయమా అని ఎవరూ పలకరు. అయినా ఆలోచన అడుగడుగునా ఉంది. పెద్ద కోడలు ఎందుకు కాదన్న లెక్కలో ఉంది. కూతురు చెప్పిన అబద్ధాన్ని తండ్రి నిజమని నమ్మి పొలంతో తీర్చబోవడంలో ఉంది. గిన్నె కోసం ఎవరు వెనక్కి వెళతారన్న చిన్న తర్జనభర్జనలో ఉంది. ఇల్లంతా కలిసి ఒక మనిషిని చంపుతున్నప్పుడు ఆ ఇంట మాట ఎంత మామూలుగా నడుస్తుందో గేయం చూపుతుంది. అనుభూతిని పుట్టించేదీ ఈ మామూలుతనమే, ఆలోచింపజేసేదీ అదే. కథ, అనుభూతి, ఆలోచన ఒకదానిలో ఒకటి కలిసిపోవడమంటే ఇదే. భర్త మరణం కూడా తీర్పు లేని తీర్పు. చెరువుకు కావలసింది ఒక్క ప్రాణమే. రెండోది ఎవరి లెక్కలోనూ లేదు.

అంతమాత్రాన కట్టమంచి కావ్యం ఓడిందనీ గేయం గెలిచిందనీ అనడం తొందరపాటు. భాగీరథికి మాట లేదు. ముసలమ్మకు మాట ఉంది. ప్రబంధ నాయికల వర్ణనలకు అలవాటుపడ్డ పాఠకుల ముందు, పల్లె కోడలు తన చావును గురించి తానే మాట్లాడడం 1899లో చిన్న విషయం కాదు. కవి ఆమెను గొర్రెలా తోలించలేదు. నిర్ణయం ఆమెదిగా చేశాడు. ఆ గౌరవానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, నిర్ణయం పూర్తిగా ఆమెదైన కొద్దీ ఊరి బాధ్యత తగ్గింది. దైవం పేరు ఎత్తింది, ఆమె ఒప్పుకొంది, ఊరు బతికింది. మధ్యలో ఊరు చేసిన తప్పేమీ మిగలలేదు. 1914లో వెలువడిన ‘కవిత్వ తత్త్వ విచారము’లో కట్టమంచి భావనాశక్తికి పట్టం కట్టాడు, కథతో సంబంధం లేని ప్రబంధ వర్ణనలను నిశితంగా ఖండించాడు. వర్ణన కథలోంచి పుట్టాలన్న ఆ కొలతను కొంచెం పొడిగించి, ఆలోచన కూడా కథలోంచే పుట్టాలి అనుకుంటే, దానికి లోబడవలసిన మొదటి కావ్యాల్లో ఆయనదీ ఉంటుంది.

జనం చేసిన పని కూడా గమనించదగినది. కట్ట మీద ముసలమ్మ దేవత అయింది. మొక్కడం మొదలైనచోట అడగడం ఆగుతుంది. కావ్యంలోని ఉదాత్తత, కట్ట మీది పూజ ఒకే దిశలో పనిచేశాయనుకోవడానికి ఆస్కారం ఉంది.

నది ముందు నిలిచిన ప్రశ్న

కట్టమంచి కావ్యం తర్వాత అర్ధశతాబ్దం గడిచాక, 1956లో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ వచ్చింది. తరిమెలలో 1915లో పుట్టిన విశ్వం సంస్కృతాంధ్రాలు చదివిన పండితుడు, జైలుకు వెళ్లిన రాజకీయ కార్యకర్త, పత్రికా సంపాదకుడు. ఆలోచనను సూటిగా చెప్పే సాధన ఈ మూడు వృత్తుల్లోనూ ఉంది. అందుకే కావ్యంలో ఆయన దాన్ని ఎలా నిర్వహించాడన్నది ఆసక్తికరం.

కావ్యానికి రెండు పొరలు. ఒకటి పెన్నానది గురించిన పాట, రెండోది రంగడు, గంగమ్మ అనే దంపతుల కథ. ఒకప్పుడు కలిగిన రైతు ఇల్లు; ఇప్పుడు కూలి బతుకు. నందికొండల్లో పుట్టి హిందూపురం వైపు నుంచి జిల్లాలో ప్రవేశించి, తాడిపత్రి మీదుగా కడప, నెల్లూరు వైపు వెళ్లే నది ఇసుకమేటగా మారడానికీ, రంగడి ఇల్లు కూలి ఇల్లుగా మారడానికీ కవి కార్యకారణ సంబంధాన్ని ఉపన్యాసంగా చెప్పడు. రెండింటినీ పక్కపక్కన ఉంచుతాడు. ఈ పక్కపక్కన ఉంచడమే ఆలోచనను పుట్టించే పద్ధతి. నది ఎండిన తీరు చదివాక రంగడి ఇంటి పొయ్యి గురించి చదివితే, రెండోది మొదటిదాని అర్థంగా తోస్తుంది. వెనక్కి తిరిగితే మొదటిది రెండోదాని కారణంగా తోస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పెన్నేటి పాటలో కవి తన దుఃఖాన్ని దాచుకోడు. నదిని తల్లిగా సంబోధించి, ఇంతటి తల్లి ఎందుకు ఇలా మారిందని గొంతెత్తి అడుగుతాడు. ఇది స్వశబ్దవాచ్యత కాదా? ముసలమ్మ మాటలో దోషం చూసి, విశ్వం మాటను విడిచిపెట్టడం న్యాయమా?

ఈ రెండు మాటల వ్యాకరణమే వేరు. ముసలమ్మ చెప్పింది నిశ్చయార్థకం, విశ్వం పలికింది ప్రశ్నార్థకం. నిశ్చయం కథను ముగిస్తుంది, ప్రశ్న కథను మోసుకుపోతుంది. పైగా విశ్వం ఆ ప్రశ్నను రంగడి నోట పెట్టలేదు. ఆకలిగొన్న మనిషికి నది చరిత్ర గురించి అడిగే తీరిక ఉండదన్న ఔచిత్యం ఆయనకు తెలుసు. పాట పాడే గొంతు వేరు, కథలో బతికే మనుషులు వేరు. పాటగాడికి ప్రశ్న తెలుసు, జవాబు తెలియదు. రంగడికి, గంగమ్మకు ప్రశ్న కూడా తెలియదు. వాళ్లకు తెలిసింది రేపటి కూడు. ఈ ఎడంలోకి పాఠకుడు ప్రవేశిస్తాడు. అనుభూతిని పేరుపెట్టి పిలిచినా దోషం కాకపోవడానికి కారణం, ఆ పిలుపు దేన్నీ తేల్చకపోవడమే. దేశి ఛందస్సుల గేయ గతినీ పద్యాన్నీ కలిపి వాడడం కూడా ఈ రెండు గొంతుల ఎడాన్ని చెవికి అందించే పనే చేస్తుంది. ఈ ఛందోవైవిధ్యాన్ని ‘శిల్పం’ అధ్యాయంలో జాబితాగా చూపే పరిశోధకులు, దాన్ని ‘దృక్పథం’ అధ్యాయంలోకి ఎన్నడూ తీసుకురారు.

లోపం లేదని కాదు. గతవైభవ స్మృతి కావ్యంలో కొంచెం ఎక్కువ చోటు ఆక్రమించింది. నది ఒకప్పుడు అందరికీ సమానంగా తల్లి అయి ఉండేదా అన్న సందేహం ఇవాళ్టి పాఠకుడికి కలుగుతుంది. రంగడు కలిగిన ఇంటి నుంచి దిగజారినవాడు కనుక అతని పతనంలో దుఃఖం ఉంది. తరతరాలుగా కూలికే పుట్టినవాడికి పతనకథ ఉండదు. అతని దుఃఖానికి మరో నిర్మాణం కావాలి. చిలుకూరి దేవపుత్ర వంటి అనంతపురం రచయితలు తర్వాతి దశాబ్దాల్లో ఆ పనికి పూనుకున్నారు. అది వేరే చర్చ.

గొర్రు పట్టిన చెయ్యి

సింగమనేని నారాయణ (1943-2021) కథల దగ్గరికి వచ్చేసరికి నది కూడా తెర వెనక్కి పోయింది. మిగిలింది ఎర్రనేల, వాన మీద ఆధారపడ్డ వేరుశెనగ. సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర తచ్చాడే వర్షపాతంతో, నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అంతంతమాత్రంగా తాకే చోట, ఉమ్మడి జిల్లాలో లక్షల హెక్టార్ల భూమి ఒకే పంట కిందికి వచ్చింది. ఈ సాగు గురించిన కథకు ఆయన పెట్టిన పేరు ‘జూదం’. 1980ల చివర వెలువడిన కథల సంపుటికీ అదే పేరు.

వేరుశెనగ సాగుకు సహజంగానే కథా నిర్మాణం ఉందన్న సంగతిని విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. పదును వాన పడుతుంది. అప్పు చేసి తెచ్చిన విత్తనం గొర్రు వెంట నేలలోకి పోతుంది. మొలకెత్తుతుంది, పూత వస్తుంది. ఊడలు దిగే వేళకు నేలలో తడి కావాలి. సరిగ్గా అప్పుడే బెట్ట వస్తుంది. ఒక్క వాన పడితే పంట, పడకపోతే పశువుల మేత. నాటకశాస్త్రం చెప్పే ప్రారంభం, యత్నం, ప్రాప్త్యాశ అన్నీ ఇందులో ఉన్నాయి. నియతాప్తి ఒక్కటే లేదు. రచయిత ఉత్కంఠను కల్పించనక్కరలేదు, పంటకాలమే కల్పిస్తుంది. ఎదురుచూపే అనుభూతి. వాన రాకపోవడాన్ని దుఃఖమని వర్ణించవలసిన పని లేదు. ఆకాశం వైపు ఎన్నిసార్లు తల ఎత్తాడో చెబితే చాలు. కథాగమనం, అనుభూతి విడదీయరానివిగా ఉండడం ఇక్కడ రచయిత చాతుర్యం కంటే వస్తువు స్వభావం. ‘వస్తువు బలం, శిల్పం బలహీనం’ అన్న తీర్పు ఎంత నిరర్థకమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. వస్తువులోనే శిల్పం ఉన్నప్పుడు దేనికి ఏ మార్కులు వేయాలి?

మరి ఆలోచన ఎక్కడుంది? శీర్షికలో ఉంది. శీర్షిక పాత్ర నోటి మాట కాదు, కథ లోపలి సంఘటనా కాదు. వాకిట్లో నిలబడి లోపలికి దారి చూపే మాట. జూదం అన్న మాటతో తెలుగు పాఠకుడికి మొదట గుర్తుకొచ్చేది భారతంలోని ద్యూతం. ఓడిపోతానని తెలిసీ ధర్మరాజు మళ్లీ కూర్చున్నాడు. నిరుటి అప్పు తీరకుండానే రైతు ఈ ఏడు మళ్లీ విత్తుతాడు. అయితే ధర్మరాజుకు ఆడకుండా ఉండే వీలుంది. రైతుకు ఆ వీలు ఉందా? శీర్షిక ఈ తేడాను చెప్పదు, స్ఫురింపజేస్తుంది. జూదరి అన్న మాటలో నింద ఉంది. ఆ నింద రైతుకు అంటుతుందా, అతణ్ణి ఆ పీట మీద కూర్చోబెట్టిన వ్యవస్థకా? విత్తనం ధర, అప్పు వడ్డీ, మార్కెట్టు ధర అన్నీ అవతలి చేతిలో ఉన్నప్పుడు పాచికలు ఎవరివి? శకుని పాచికల సంగతి తెలిసిన పాఠకుడు ఈ ప్రశ్న దాకా తానే వస్తాడు, రచయిత వేలు పట్టుకొని తీసుకురానక్కరలేదు.

ఈ శీర్షికకు మరింత పాత నేపథ్యం కూడా ఉంది. ఋగ్వేదం పదో మండలంలో జూదరి విలాపంగా ప్రసిద్ధమైన అక్షసూక్తం ఉంది. భార్య దూరమై, అప్పులవాళ్లకు భయపడి తిరిగే జూదరికి ఆ సూక్తం చివర ఒక హితవు వినిపిస్తుంది: పాచికలు వదిలిపెట్టి పొలం దున్నుకో అని. జూదానికి విరుగుడు సేద్యం. భారతీయ వాఙ్మయంలో సేద్యానికి దక్కిన మొదటి గౌరవాల్లో అదొకటి. సింగమనేని దాన్ని ఉద్దేశించి ఈ పేరు పెట్టాడని నిరూపించనక్కరలేదు. వర్షాధారపు చేను గురించిన కథకు జూదమని పేరు పెట్టిన క్షణాన ఆ హితవు దానంతట అదే తలకిందులైంది. పాచికలు వదిలి ఎక్కడికి వెళ్లమన్నారో, ఆ చోటే జూదశాల అయింది.

ముసలమ్మ విషయంలో ఊరి ప్రాణానికి ఒక మనిషిని ఎంచింది దైవవాక్కు. భాగీరథిని ఎంచింది ఇంటి పెద్దలు. ‘జూదం’ నాటికి ఎంపిక చేసే గొంతు వినిపించదు. రైతు తానే వచ్చి కూర్చున్నట్టు కనిపిస్తాడు, విత్తనాల మూట తానే విప్పుతాడు. అతని చేత ఆ మూట విప్పించింది ఎవరన్న దాని గురించి ఆ రెండక్షరాలూ మారుమాట్లాడవు.